మిగిలిపోయిన ఏడు శుభలేఖలు

ఉగాది వెళ్ళిన వారం పది రోజులకు, పర్లాకిమిడిలోని మా మేనత్త ఇంటి పెరట్లో సిమెంటు తొట్టి నిండా కొత్త కుండలు మునిగి ఉండేవి. కుమ్మరి దగ్గర నుంచి తెచ్చిన రోజునే కుండలో నీళ్ళు పోస్తే మట్టివాసనా, ఆవం పొగవాసనా కలిసి ఆ నీళ్ళు గొంతు దిగవు కాబట్టి, అత్త వాటిని రెండు రాత్రులు నానబెట్టి, మూడోనాడు కొబ్బరిపీచుతో తోమి, నీడన బోర్లించేది. ఆ తరువాత ఒక్కొక్క కుండనీ ఒళ్ళో పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూసేది. ఖంగుమంటే పక్కన పెట్టేది, బొదబొదమంటే నెర్రె ఉందని తేల్చి మొక్కల వైపు తోసేది. నున్నగా మెరిసే కుండను చూసి నేను ముచ్చటపడితే, "నున్ననిది మనకెందుకురా, చెమర్చాల గానీ" అనేది. కుండ ఒంటికున్న సన్నటి రంధ్రాల్లోంచి నీరు ఊరి, గాలికి ఆరిపోతూ, లోపలి నీటి వేడిని తనతో లాక్కుపోతుందని నేను బడిలో చదువుకున్నాను. పాత కుండకు రంధ్రాలు పూడుకుపోతాయనీ, అందుకే ఏటా కొత్తవి కొనాలనీ, గాలిలో తేమ ఎక్కువై ఉక్కపోసే రోజున ఎంత మంచి కుండ అయినా చేతులెత్తేస్తుందనీ మాత్రం అత్త దగ్గరే తెలుసుకున్నాను.

ఇరవై ఏళ్ళకు పైగా, ఏటా ఏప్రిల్ నడుమ వచ్చే ఒడియావారి పణా సంక్రాంతి నుంచి జూన్ నడుమ వచ్చే రజ పండుగ దాకా, ఊరి బయట కాశీనగర్ వెళ్ళే రోడ్డు మీద అత్త నడిపిన చలివేంద్రం గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. వాయిదా వేయడానికి కారణం ఉంది. ఆ చలివేంద్రం మొదలవడంలో నా మధ్యాహ్నపు నిద్రకు కూడా కొంత వాటా ఉంది.

మా ఊరు తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. మా చుట్టరికాలు మాత్రం ఆ గీతను ఎన్నడూ పట్టించుకోలేదు. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, సంతలో ఆ రెండూ కలిపి నాలుగు సవర మాటలు, ఇదీ మా వాడుక. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పి, కొండల మీది సవరల భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం పోరాడిన ఊరు మాది అని మాకు కాస్త గర్వం కూడా ఉంది. ఇంత గర్వపడుతూ నేను ఈ జ్ఞాపకాన్ని ఇలా గంజిపెట్టిన తెలుగులో రాస్తున్నందుకు ఆయన నవ్వుకునేవారేమో!

అత్తకు ఒక్కడే కొడుకు. నాకంటే మూడేళ్ళు పెద్ద. బావా అని పిలిచినా, మేమిద్దరం ఒకే సైకిలు మీద, ఒకే కంచంలో పెరిగిన అన్నదమ్ముల వంటివాళ్ళం. ఐ.టి.ఐ. చదివి ఇళ్ళకు కరెంటు వైరింగు చేసేవాడు. అతనికొక అలవాటుండేది. గ్లాసును పెదవికి ఆనించకుండా, తల వెనక్కు వాల్చి, పైనుంచి ఎత్తి పోసుకుని గటగటా తాగేవాడు. సగం నీళ్ళు గొంతులోకి, సగం చొక్కా కాలరు మీదకి పోయేవి. "తాగుతున్నావా, స్నానం చేస్తున్నావా?" అని అత్త రోజూ అడిగేది, అతను రోజూ తడిసిన కాలరుతోనే బయటికి పోయేవాడు. పుట్టినప్పుడు అమ్మమ్మగారు చేయించిన స్టీలు గ్లాసు అతనిది, దాని మీద అతని పేరు చుక్కల చుక్కలుగా చెక్కి ఉండేది. ఆ గ్లాసులో వేరెవరూ తాగేవారు కారు.

1998లో మా అక్కకు జ్యేష్ఠమాసంలో పెళ్ళి కుదిరింది. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు కానీ, ఆ సంవత్సరం కార్తె రాకముందే గాలి సెగలాగా తగిలేది, రాత్రి పన్నెండు దాటినా గోడలు వేడి కక్కేవి. కాశీనగర్ రోడ్డున ఉన్న ఊళ్ళలో చుట్టాలకు శుభలేఖలు ఇచ్చే పని బావకూ నాకూ అప్పగించారు. ఆ రోజు ఉదయం సగం ఇళ్ళు తిరిగి వచ్చాము. చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తిని నేను సావిట్లో నేల మీద పడుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంట వేళ బావ వచ్చి భుజం తట్టి లేపాడు. కళ్ళు తెరవకుండానే "సాయంత్రం పోదాం బావా" అన్నాను. "సాయంత్రం వైరింగు పనుంది, నేను పోయొచ్చేస్తాలే" అన్నాడు. సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వింటూ మళ్ళీ నిద్రపోయాను.

నాలుగు దాటాక మనుషులు పరుగున వచ్చి చెప్పారు. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, రోడ్డు పక్కన ఉన్న ఒకే ఒక్క చింతచెట్టుకు వంద గజాల అవతల పడి ఉన్నాడు. ఇంకొక వంద గజాలు నడిచి ఉంటే నీడ దొరికేది. ఆసుపత్రికి చేర్చేసరికే ఆలస్యమైపోయింది. ఆ వేసవిలో ఒడిశాలో వడదెబ్బకు 2,042 మంది చనిపోయారని ప్రభుత్వం లెక్క తేల్చింది. ఇప్పటికీ ఎండల గురించి ఏ వార్త వచ్చినా ఆ అంకె అందులో కనిపిస్తుంది. అది కనిపించినప్పుడల్లా నాకు సైకిలు హ్యాండిలుకు వేలాడుతున్న గుడ్డసంచీ గుర్తుకొస్తుంది. ఆ సంచీలో ఇంకా ఏడు శుభలేఖలు మిగిలి ఉన్నాయి. మూలలకు రాసిన పసుపు చెమటకు కరిగి, కవర్ల మీది పేర్ల దాకా పాకింది.

అక్క పెళ్ళి ఆగింది, మరుసటి మాఘమాసానికి మళ్ళీ ముహూర్తం పెట్టారు, కొత్త శుభలేఖలు అచ్చువేయించారు. పాత సంచీని మహేంద్రతనయ నదిలో కలిపేయమని నాన్న నాతో చెప్పాడు. నేను వెళ్ళి అడిగితే అత్త ఇవ్వలేదు. సంక్రాంతి వెళ్ళాక ఒక ఉదయం ఆ సంచీ పట్టుకుని మా ఇంటికి వచ్చి, "ఈ ఏడిళ్ళూ నేను పిలిచొస్తాను" అంది. నాన్నకు ఏం చెప్పాలో తోచలేదు. "అక్కా, ఏడాది తిరగలేదు, గడప తొక్కితే జనం ఏమంటారో ఆలోచించు" అన్నాడు. "మేనత్తని. మేనకోడలి పెళ్ళికి పిలవకూడదేటి?" అని ఆమె ఎదురడిగింది. అంతటితో ఊరుకోలేదు. కొత్త శుభలేఖలు వద్దు, బావ ఇవ్వవలసినవి ఇవే కాబట్టి ఇవే ఇస్తానంది. నన్ను కూర్చోబెట్టి ఏడింటి మీదా పాత తేదీ కొట్టించి కొత్త తేదీ రాయించింది. నీలం సిరాతో నేను గీసిన ఆ ఏడు అడ్డగీతలు ఎంత వంకరగా వచ్చాయో నాకు ఇంకా గుర్తే. కొట్టివేతలున్న శుభలేఖను ఎవరైనా ఇంటికి తీసుకుపోతారా అని అమ్మ వంటింట్లో కళ్ళు తుడుచుకుంటూ గొణుక్కుంది. ఆ మాట అత్త వినే ఉంటుంది.

ఆమెతో నేను వెళ్ళాను. సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళతానంటే ఒప్పుకోలేదు, నడిచే వెళ్ళాలంది. మాఘమాసపు చలి కాబట్టి ఎండ హాయిగానే ఉంది, పొలాల్లో మినుములూ పెసలూ పచ్చగా ఉన్నాయి. దారి పొడుగునా అత్త ఒకటే ప్రశ్న అడుగుతూ వచ్చింది: "ఇక్కడ నీళ్ళు ఎక్కడ దొరుకుతాయిరా?" ఊరి చివర టీ కొట్టు దాటాక, మొదటి పల్లె వచ్చేదాకా దొరికేది ఏమీ లేదు. కాలువ వేసవిలో ఎండిపోతుంది, మధ్యలో ఉన్న ఒక్క బోరింగుకూ హ్యాండిలు లేదు. చలికాలంలో మనం గమనించని సంగతి ఇది. నడిచేవాడికి రోడ్డు పొడవు కిలోమీటర్లలో తెలియదు, నీటికీ నీటికీ మధ్య ఎంత దూరమో అదే దాని పొడవు.

ఆరో ఇంటి సంగతి చెప్పాలి. అది పెంకుటిల్లు, దూరపు చుట్టాలు, అత్త వాళ్ళను అంతకుముందు చూడలేదు, వాళ్ళూ ఆమెను చూడలేదు. ఆ ఇంటావిడ మంచం వాల్చి కూర్చోబెట్టింది. శుభలేఖ విప్పి చదివి, కొట్టివేసిన తేదీ దగ్గర ఆగింది. "ఈ పెళ్ళేనా అమ్మా? మొన్న వేసవిలో ఒక కుర్రాడు వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, తూలుకుంటూ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఏదో అంటన్నాడు, మాట ముద్దముద్దగా ఉంది. పట్టపగలే తాగొచ్చాడనుకుని తలుపేసుకున్నానమ్మా, ఆడపిల్లలున్న ఇల్లు కదా. చేతిలో సంచీ ఉన్నట్టు తరవాత తోచింది" అని చెప్పింది. చెప్పడంలో తప్పు చేశానన్న ధ్వని ఏమీ లేదు, ఒక వింత చెప్పినట్టు చెప్పింది.

నేను తల ఎత్తలేకపోయాను. అత్త కాసేపు మాట్లాడకుండా కూర్చుని, "కొంచెం దాహం ఇస్తారా?" అని అడిగింది. ఆవిడ చెంబుతో తెచ్చిచ్చిన నీళ్ళు ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది. తరువాత, అంతకుముందు అయిదిళ్ళలో చేసినట్టే, కుంకుమ భరిణె తీసి ఆవిడకు బొట్టు పెట్టి, "తప్పకుండా రావాలి" అని పిలిచి లేచింది. ఏడో ఇంటికి తాళం వేసి ఉంది, పని వెతుక్కుంటూ విశాఖపట్నం వెళ్ళిపోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ ఒక్క శుభలేఖ సంచీలోనే ఉండిపోయింది.

తిరిగి వస్తూ చింతచెట్టు కింద ఆగినప్పుడు, ఎనిమిది నెలలుగా గొంతులో పెట్టుకున్న మాటను నేను బయట పెట్టాను. "ఆ రోజు బావ నన్ను లేపాడత్తా" అన్నాను. అత్త చెట్టు మొదలు వైపు చూస్తూ, "తెలుసు. వాడు నిద్రపోతన్నాడమ్మా, పోనీ అని నాతో చెప్పే వెళ్ళాడు" అంది. మరి కొంతసేపటికి, నాతో కాదు, ఎవరితోనో తగువుపడుతున్నట్టు, "తాగినోడైతే మాత్రం దాహం ఎయ్యదేటిరా?" అంది.

వడదెబ్బ తగిలినవాడు తాగినవాడిలాగే కనిపిస్తాడని మాకు అప్పటికి తెలియదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే ముందు దెబ్బతినేది మెదడే, నడక తూలుతుంది, మాట తడబడుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతాడు, చెమట ఆగిపోయి చర్మం పొడిగా కాలిపోతూ ఉంటుంది. ఇదంతా తరువాత ఒక నర్సు అత్తకు చెప్పింది. స్పృహ తప్పినవాడి నోట్లో నీళ్ళు పోయకూడదనీ, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయనీ, నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరాలనీ, మెడ దగ్గరా చంకల్లోనూ చల్లటి తడిగుడ్డలు పెట్టాలనీ కూడా ఆవిడే నేర్పింది. ఎంత చదువుకున్న డాక్టరయినా అత్త విన్నంత శ్రద్ధగా విని ఉండడు.

1999 ఏప్రిల్‌లో, పణా సంక్రాంతినాడు, ఆ చింతచెట్టు కింద తాటాకుల పందిరి లేచింది. ఆ రోజున మొదలుపెట్టమని సలహా ఇచ్చింది అత్త పక్కింటి ఒడియా ఆవిడ, మేమంతా మావుసీ అని పిలిచేవాళ్ళం. ఒడియా ఇళ్ళలో ఆ రోజు తులసికోట మీద చిన్న చిల్లు పెట్టిన కుండను వేలాడగట్టి, వైశాఖం పొడుగునా మొక్క మీద చుక్కచుక్కగా నీరు పడేటట్టు ఏర్పాటు చేస్తారు. కొడుకు పోయిన తరువాత అత్త మొదటిసారి ఇల్లు దాటి పక్కింట్లో అడుగుపెట్టి గంటసేపు కూర్చున్నది ఆ కుండ ఎదుటే అని మావుసీ చెప్పేది. చలివేంద్రాన్ని వాళ్ళు జలఛత్ర అంటారు. మారేడు గుజ్జులో బెల్లం, కొబ్బరికోరు, అరటిపండు, మిరియాలపొడి కలిపి మావుసీ చేసిన బిందెడు పణా, అత్త చేసిన బెల్లం పానకం ఆ మొదటి రోజు పక్కపక్కనే ఉన్నాయి. రెండు పేర్లకూ మూలం ఒకటేనని నేను గొప్పగా చెప్పబోతే, మావుసీ నా చేతిలో గ్లాసు పెట్టి నోరు మూయించింది.

వైశాఖంలో ఉదకుంభ దానం చేయడం మన ఇళ్ళలో ఉన్న ఆచారమే. ఏడూడి పెట్టే సమయానికి పురోహితుడు ఒక కుండ నిండా నీళ్ళు దానమివ్వమన్నాడు. అత్త ఆయనకు ఒక కుండ ఇచ్చి, రోడ్డుకు పదకొండు ఇచ్చింది. బావ పెళ్ళికని దాచిన డబ్బుతో ఒక పాడిగేదెను కొన్నది. ఆ గేదె పాలు వేసవి రెండు నెలలూ ఇంట్లో ఎవరికీ ఉండేవి కావు, మామయ్య కాఫీ నల్లగానే తాగేవాడు. మామయ్య ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క మాట మాట్లాడలేదు గానీ, తెల్లవారుజామున నాలుగింటికి కవ్వం తాడు లాగేది మాత్రం ఆయనే.

పందిరి కింద మహేంద్రతనయ ఇసుక అరగజం ఎత్తున పరిచి, దాన్ని తడిపి, అందులో కుండలను మెడదాకా కాకుండా సగానికి పూడ్చి, చుట్టూ తడి గోనెలు చుట్టేవాళ్ళం. నీళ్ళలో వట్టివేళ్ళ ముడి ఒకటి వేసేవాళ్ళం. టీ కొట్టు దగ్గరి బోరింగు నుంచి నీళ్ళు మోసే పని నాది, మోసేది బావ సైకిలు మీదే. రెండు వైపులా రెండు క్యాన్లు కట్టుకుని రోజూ ఎన్నోసార్లు ఆ దారిన తిరిగేవాణ్ణి. ఆ పని నాకు అప్పగించడంలో అత్త ఉద్దేశం ఏమిటో నేను అడగలేదు.

మొదటి ఏడే ఒక తగువు వచ్చింది. ఊళ్ళో గౌరవం ఉన్న ఒక పెద్దాయన వచ్చి, "అమ్మా, మంచి పని చేస్తున్నావు గానీ, అందరికీ అవే గ్లాసులంటే ఎలా? దోసిలి పట్టమని పైనుంచి పొయ్యండి, అదీ పద్ధతి" అన్నాడు. ఆ పద్ధతి ఎవరి కోసం పుట్టిందో అక్కడున్న అందరికీ తెలుసు. కొండల నుంచి చింతపండు, పనసకాయలు, చీపురుకట్టలు నెత్తిన పెట్టుకుని దిగివచ్చే సవర స్త్రీలు అప్పటికే పందిరికి ఆవల, పిలిస్తే తప్ప రాకుండా నిలబడి ఉన్నారు. అత్త ఆయనకు బదులు చెప్పలేదు. గూట్లోంచి బావ పేరు చెక్కిన గ్లాసు తీసి, ముంచి, వాళ్ళలో ముందున్న ముసలావిడ చేతికి ఇచ్చి, ఆవిడ తాగి తిరిగి ఇచ్చిన గ్లాసును కడిగి, మళ్ళీ ముంచి, పెద్దాయన ముందు పెట్టింది. ఆయన తాగకుండానే వెళ్ళిపోయాడు. నీళ్ళను తమ భాషలో 'డా' అంటారని ఆ ముసలావిడ దగ్గరే అత్త నేర్చుకుంది. ఆ తరువాత కొండ దిగిన వాళ్ళెవరు కనిపించినా ఆ ఒక్క మాటతో కేకవేసి పిలిచేది. వాళ్ళు పగలబడి నవ్వుతూ వచ్చేవారు. ఆమె ఉచ్చారణ అంత ఘోరంగా ఉండేదేమో.

ఆ గ్లాసు తప్ప బావ పేరు అక్కడ ఎక్కడా లేదు. ఫలానావారి జ్ఞాపకార్థం అని బోర్డు రాయిస్తామని మేము ఎంత చెప్పినా అత్త ఒప్పుకోలేదు. "పేరు రాస్తే పక్కన రెండు తేదీలు రాయాల. రెండోది నేను రాయించను" అంది. మూడు గీతలు గీసి ఒక కుండ బొమ్మ వేయించింది, అంతే. డబ్బు ఇవ్వబోయినవారి దగ్గర కూడా తీసుకునేది కాదు. "పుణ్యం కావాలంటే ఒక బిందె మోసుకురండి" అనేది. ఆ మాటకు నొచ్చుకుని వెళ్ళిపోయినవారూ ఉన్నారు, బిందె మోసుకొచ్చినవారూ ఉన్నారు. నిమ్మకాయలు, బెల్లం, ఉప్పు మాత్రం కాదనేది కాదు.

పందిరి లేచిన మూడో రోజో నాలుగో రోజో పొద్దున్నే, ఆరో ఇంటావిడ నెత్తి మీద కొత్తకుండ పెట్టుకుని రోడ్డు వెంట నడిచి వస్తూ కనిపించింది. అక్క పెళ్ళిలోనే ఎవరో ఆవిడకు అసలు సంగతి చెప్పారు. ఆ రోజు భోజనం చేయకుండా వెళ్ళిపోయిందని మాకు తరువాత తెలిసింది. పందిరి కిందికి వచ్చి కుండ దింపి, ఇసుకలో గుంట చేసి, దాన్ని నిలబెట్టి, కొంగు దోపుకుని, గరిటె అందుకుంది. అత్త కొంచెం పక్కకు జరిగి ఆవిడకు చోటిచ్చింది. అప్పటి నుంచి ఏటా ఆ రెండు నెలలూ ఇద్దరూ పక్కపక్కన నిలబడి నీళ్ళు ముంచారు, వంటల గురించి, కోడళ్ళ గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి గంటలు గంటలు మాట్లాడుకున్నారు. ఆ మధ్యాహ్నం గురించి మాత్రం ఇద్దరూ ఒక్క మాట అనగా నేను వినలేదు. తూలుతూ వచ్చేవాడు దూరాన కనిపిస్తే గ్లాసు పట్టుకుని ముందుగా పరిగెత్తేది ఆవిడే. వాళ్ళలో నిజంగా తాగినవాళ్ళే ఎక్కువమంది, ఒకసారి ఒకడు ఆవిడ చీర మీద కక్కాడు కూడా. ఆవిడ తిట్టుకుంటూనే వాడి మొహం కడిగింది.

అత్తను దేవతగా చిత్రించే ఉద్దేశం నాకు లేదు. తాగే నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నవాడిని ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఒక వేసవిలో బావ గ్లాసు కనిపించకుండా పోయింది. గ్లాసులకు గొలుసులు వేద్దామని నేను అంతకుముందే అంటే, "గొలుసేసి దాహం ఇస్తామేటి?" అని కొట్టిపారేసిన మనిషి, ఆ రోజు రోడ్డు పొడుగునా టీ కొట్లన్నీ గాలించి, చివరికి సాయానికి వచ్చే పదమూడేళ్ళ కుర్రాడి మీద అనుమానపడి, అందరి ముందూ వాడి సంచీ దులిపించింది. సంచీలో రెండు మామిడికాయలు మాత్రమే ఉన్నాయి. వాడు ఏడుస్తూ వెళ్ళిపోయాడు. రెండు రోజులు పందిరి తెరవలేదు. మూడో రోజు అత్త మజ్జిగ చెంబు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి, వాడి తల్లి ఎదుట వాడి చేతులు పట్టుకుంది. గ్లాసు దొరకలేదు.

మా చిన్న రైలు 2004లో ఆగిపోయింది. 1900 నుంచి నడిచిన నౌపడా లైను అది, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద దూడలాగా కుంటుకుంటూ వెళ్ళేది. పెద్ద లైను పూర్తయి 2011లో గుణుపురం దాకా మళ్ళీ రైలు నడిచేవరకూ బస్సుల కోసం, ఆటోల కోసం రోడ్డు మీద నిలబడే జనం పెరిగారు, కుండలు పదకొండు కాస్తా ఇరవై అయ్యాయి. ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ వచ్చి నీళ్ళలో క్లోరిన్ బిళ్ళలు వేయడం, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఇవ్వడం అలవాటైంది. పొట్లాలు అయిపోయిన రోజున లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలని అత్త గోడకు బొగ్గుతో రాసుకుంది. చెంచా మీద గుట్ట లేకుండా వేలితో గీసి మరీ కొలిచేది. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను మా జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు ఆ చింతచెట్టు వేళ్ళతో సహా ఒరిగిపోయింది. మరుసటి ఏడు టార్పాలిన్ కింద నడిపాము గానీ, నీడ వేరు, పరదా వేరు. టార్పాలిన్ కింద కుండలోని నీళ్ళు మధ్యాహ్నానికి గోరువెచ్చనయ్యాయి. ఆ వానాకాలంలో కుర్రాళ్ళు మూడు కానుగ మొక్కలు నాటారు, రెండు బతికాయి.

2020 వేసవి వచ్చేసరికి అత్తకు డెబ్బై దగ్గరపడ్డాయి. సరిహద్దు మూసేశారు, నేను విశాఖలో చిక్కుకుపోయాను, ఫోనులోనే అంతా విన్నాను. పనిచేసే ఊళ్ళ నుంచి మూటలతో నడుచుకుంటూ ఇళ్ళకు తిరిగివస్తున్న మనుషులు ఆ రోడ్డు మీద కనిపిస్తుంటే పందిరి వేయకుండా ఉండడం అత్త వల్ల కాలేదు. గ్లాసులు మాత్రం వాడకూడదన్నారు. కుర్రాళ్ళు ఆరడుగుల ప్లాస్టిక్ గొట్టం ఒకటి వాలుగా కట్టి, ఈ చివర ఆమె నీళ్ళు పోస్తే ఆ చివర మనిషి దోసిలి పట్టేటట్టు ఏర్పాటు చేశారు. "ఇరవై ఏళ్ళకు ఆ పెద్దాయన మాటే నెగ్గిందిరా" అని అత్త ఫోనులో అంది. ఆయన అప్పటికి చనిపోయి చాలాకాలమైంది. నవ్వుతోందనుకున్నాను, తరువాత కాసేపు ఏమీ వినిపించలేదు. సాయంత్రం పందిరి కట్టేశాక, ఆరో ఇంటావిడా తానూ గ్లాసులన్నీ తీసి, ఎవరూ తాగకపోయినా, రోజూ తోమి బోర్లిస్తున్నామని చెప్పింది. రెండేళ్ళ తరువాత అవి మళ్ళీ కుండల పక్కకు వచ్చాయి.

ఈ మధ్య సంవత్సరాల్లో కుండలు ఎత్తి దింపేది ఆరో ఇంటావిడ కోడలు, మా అక్క కొడుకు, ఒకప్పుడు సంచీ దులిపించుకున్న ఆ కుర్రాడు. వాడికిప్పుడు సొంత ఆటో ఉంది, నీళ్ళ క్యాన్లు అందులోనే వస్తాయి. అత్త కుర్చీలో కూర్చుని చేతికర్రతో అజమాయిషీ చేస్తుంది, కుండలను మాత్రం ఇప్పటికీ తానే కొట్టి చూస్తుంది. మామయ్య పోయి నాలుగేళ్ళయింది.

పోయిన పణా సంక్రాంతికి ముందురోజు నేను వెళ్ళేసరికి అత్త ట్రంకు పెట్టె తెరిపించి, అడుగున ఉన్న గుడ్డసంచీ తీయించింది. ఏడో శుభలేఖ అందులోనే ఉంది. కవరు మీది పసుపు గోధుమరంగుకు మారింది. చూపు ఆనడం లేదని, చదివి వినిపించమంది. వధూవరుల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు చదివాను. ముహూర్తం దగ్గరకు వచ్చేసరికి ఏ తేదీ చదవాలో తెలియక ఆగాను. "కొట్టేసింది చదువు" అంది. నా వంకర గీత కింద ఉన్న 1998 నాటి తేదీని, వారంతో, లగ్నంతో సహా చదివాను. అత్త కర్ర చివరతో తొట్టిని చూపించి, "చాల్లే, ఆ కుండలు తియ్యి, మూడోనాడు కదా" అంది.